మిర్చి టిక్కీలో మూడేళ్లు

చేయవలసినవి:

పాత ల్యాప్‌టాప్ మొత్తానికి మొరాయించక ముందే ఫొటోలన్నీ బయటికి తియ్యాలి.
కొత్త కంప్యూటరు కొనాలి. ఎస్‌ఎస్‌డీ ఎంత, హార్డ్ డిస్కు ఎంత, తేల్చుకోవాలి.
ఫొటోలకి రెండో కాపీ. మూడో కాపీ మనింట్లో వద్దు.
కిటికీకి పట్టా కొట్టాలి, కాయల దుమ్ము రాకుండా.
యూపీఎస్.
గైడ్ గారికి ఫోను.
నాన్నకి చెప్పాలి.

పురుగుమందుల కంపెనీ క్యాలెండరులో జనవరి కాగితం చింపి, దాని వెనకాల నాగజ్యోతి రాసుకున్న జాబితా ఇది. ఒక్కో పని అయిన కొద్దీ గీత కొట్టుకుంటూ వచ్చింది. యూపీఎస్ దగ్గర మాత్రం గీత పడలేదు. పక్కన చిన్న అక్షరాలతో 'కాయలు అమ్మాక' అని ఉంది.

మార్టూరు నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే వాళ్ల ఊరు. తండ్రి మాలకొండయ్యకి నాలుగెకరాల మిరపచేను. నాగజ్యోతికి ముందు ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మనిషి లేరు. ఆ అమ్మాయి డిగ్రీ చేసింది, ఎమ్మెస్సీ చేసింది, ఆపైన మిరప పూతని నాశనం చేసే నల్ల తామర పురుగు మీద పీహెచ్‌డీకి చేరింది. ఆ పురుగు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, సొంత చేలోనే కావలసినంత ఉంది. మూడు పంటల పాటు, పది రోజులకోసారి, గుర్తు కట్టిన మొక్కల పూలని తెల్లకాగితం మీద దులపడం, రాలిన పురుగుల్ని ఫొటో తియ్యడం, ఆకు తిరగేసి ఇంకో ఫొటో తియ్యడం. ఇదీ ఆమె పని. మాలకొండయ్య కూతురు పురుగులకి ఆధార్ కార్డులు ఇస్తోందని ఊళ్లో నవ్వుకున్నారు. మాలకొండయ్య మాత్రం నవ్వలేదు. ఆ మొక్కల సాళ్లకి మందు కొట్టడం మానేసి, మూడేళ్లూ అక్కడి దిగుబడి వదులుకున్నాడు.

ఫొటోల్లోంచి లెక్కపెట్టి తయారుచేసిన పట్టికలు గైడ్ గారి మెయిల్లో భద్రంగానే ఉన్నాయి. కానీ పురుగు చూస్తే నలకంత ఉంటుంది. పట్టికలో అంకె వేసుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. అందుకే పరీక్షాధికారి ఒక మెలిక పెట్టాడు. ఏప్రిల్ ముప్పైలోగా ఫొటోలు మొత్తం తెచ్చి చూపించాలి, తాను ఎంచుకున్న ఫొటోల్లో తన ఎదుట మళ్లీ లెక్కపెట్టాలి. అది జరక్కపోతే మూడేళ్ల గడువు దాటిపోతుంది. మళ్లీ గడువు ఇవ్వరని గైడ్ గారు ముందే చెప్పేశారు.

ఆ ఫొటోలన్నీ ఉన్నది పాత ల్యాప్‌టాప్‌లో. మిరప ఇంట్లో కంప్యూటరు బతకడం కష్టం. కల్లంలో కాయలు ఎత్తి పోసిన ప్రతిసారీ ఎర్రటి పొడి ఫ్యాన్లోకి చేరుతుంది. ల్యాప్‌టాప్ మూత తెరిస్తే మనిషికి తుమ్ములు, దానికి దగ్గు. తల్లి వెంకటరావమ్మ దాని మీద పాత లుంగీ కప్పి ఉంచేది, బాలింతకి కప్పినట్టు.

కొత్తది కొనడానికి ఫిబ్రవరిలో గుంటూరు బ్రాడీపేటలో నాగేంద్రబాబు కొట్టుకి వెళ్లింది నాగజ్యోతి. నోటుబుక్కులో ఇరవై రెండు ప్రశ్నలు రాసుకుని మరీ వెళ్లింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర నాగేంద్రబాబు పెన్ను కింద పెట్టి, "కంప్యూటరు కొంటున్నారా, సంబంధం చూస్తున్నారా మేడమ్?" అన్నాడు. ఐనా ఓపిగ్గానే చెప్పాడు. ఎస్‌ఎస్‌డీ చురుగ్గా ఉంటుంది, కుదుపులకి తట్టుకుంటుంది, కానీ పోయేటప్పుడు చెప్పా పెట్టకుండా పోతుంది. హార్డ్ డిస్కు నెమ్మది, అందులో పళ్లెం తిరుగుతూ ఉంటుంది, కిందపడితే అంతే, కానీ తక్కువలో బోలెడంత పడుతుంది. కాబట్టి కంప్యూటరు నడవడానికి చిన్న ఎస్‌ఎస్‌డీ, ఫొటోలు దాచడానికి అదే పెట్టెలో పెద్ద హార్డ్ డిస్కు, విడిగా చేత్తో పట్టుకుపోయే డిస్కు ఇంకోటి. క్లౌడ్‌లో పెడితే అన్నిటికన్నా క్షేమం అన్నాడు. నాగజ్యోతి నవ్వింది. వాళ్ల ఊళ్లో సిగ్నలు అందేది వాటర్ ట్యాంకు మెట్ల మీద. ఆ మెట్ల మీద కూర్చుని అన్ని ఫొటోలూ ఎక్కించాలంటే ఇంకో పీహెచ్‌డీ పడుతుంది.

వచ్చేటప్పుడు నాగేంద్రబాబు ఒక మాట చెప్పాడు. ఒకే పెట్టెలో రెండు కాపీలుంటే అవి రెండు కావు, ఒకటేనని. ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసింది.

పెట్టెలోని రెండిట్లోకీ, విడి డిస్కులోకీ ఫొటోలన్నీ ఎక్కించాక, ఆ విడి డిస్కుని ఎక్కడ ఉంచాలన్నది ప్రశ్న. గుంటూరులో మేనత్త మల్లేశ్వరి ఇల్లుంది, ఆవిడకి గోద్రెజ్ బీరువా ఉంది. మాలకొండయ్య ఎలాగూ కాయలు వేసుకుని గుంటూరు వెళ్తున్నాడు. నాగజ్యోతి డిస్కుని తండ్రి చేతికిచ్చి, అత్త బీరువాలో పెట్టించమంది. దీనికి ఎండ తగలకూడదు, దుమ్ము పడకూడదు, కుదుపు ఉండకూడదు అని మూడు వేళ్లు మడిచి చెప్పింది. మాలకొండయ్య తానూ మూడు వేళ్లూ మడిచి అప్పజెప్పాడు. మర్నాడు తిరిగొచ్చి, "పెట్టొచ్చానమ్మా. చీమ కూడా దూరదు," అన్నాడు. ఎక్కడ అని నాగజ్యోతి అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని తోచలేదు. జాబితాలో ఆ పని మీద గీత కొట్టేసింది.

ఏప్రిల్ పద్దెనిమిదిన మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాగజ్యోతి చేలో ఆఖరి కోత మొక్కల దగ్గర ఉంది. ఇంట్లో కంప్యూటరు ఆన్‌లోనే ఉంది, ఫొటోల పేర్లు సరిచేసే పని దానికి అప్పజెప్పి వచ్చింది. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పిడుగు పడింది. ఆ శబ్దానికి చేలో కూలీలు కూడా కింద కూర్చున్నారు. ఇంటికి పరిగెత్తి వచ్చేసరికి వెంకటరావమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. గదిలో ఏదో కాలిన వాసన, లోపలికి వెళ్లద్దంది.

మర్నాడే పెట్టెని బ్రాడీపేట తీసుకెళ్లింది. నాగేంద్రబాబు ఎస్‌ఎస్‌డీ తీసి చూశాడు, హార్డ్ డిస్కు తీసి చూశాడు, రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. రెండూ పోయాయి. హైదరాబాదులో ప్రయత్నించేవాళ్లున్నారు గానీ నెలలు పడుతుందని, వస్తాయన్న పూచీ లేదని చెప్పాడు. కొత్తది కొన్న రోజునే పాత ల్యాప్‌టాప్‌ని ఆమె మార్పిడి కింద ఇచ్చేసింది. కెమెరా కార్డులు ఎప్పటికప్పుడు చెరిపేసి మళ్లీ వాడింది. ఐనా నాగజ్యోతి కంగారు పడలేదు. మూడోది ఉంది కదా అనుకుంది. ఇంటికి వచ్చి, అత్త ఇంటి నుంచి డిస్కు తెస్తావా అని తండ్రిని అడిగింది.

మాలకొండయ్య అన్నం తింటున్నాడు. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"అది అత్త దగ్గర లేదమ్మా," అన్నాడు.

"మరెక్కడుంది?"

"ఏసీలో."

వాళ్ల వైపు రైతులు కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు. ధర బాగా లేనప్పుడు మిర్చి బస్తాలు, అంటే టిక్కీలు, అందులో పెట్టి లాటు నంబరు చీటీ తెచ్చుకుని ధర కోసం చూస్తారు. మాలకొండయ్య మెల్లగా చెప్పాడు. ఆ రోజు శివరాత్రి ముందు రోజు. వెళ్లేసరికి మల్లేశ్వరి ఇంటికి తాళం, కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లిపోయింది. లారీ బైపాస్ మీద ఏసీ ముందు ఆగి ఉంది. డిస్కు పట్టుకుని ఆలోచించాడు. ఎండ తగలకూడదు. దుమ్ము పడకూడదు. కుదుపు ఉండకూడదు. ఈ మూడూ లేని చోటు గుంటూరు మొత్తంలో ఒక్కటే కనిపించింది ఆయనకి. తన ఏడాది పంటనే నమ్మి అక్కడ పెడుతున్నాడు. చేలోకి అన్నం పట్టుకెళ్లే స్టీలు డబ్బాలో డిస్కుని గుడ్డ చుట్టి పెట్టి, డబ్బాకి కవరు కట్టి, ఒక టిక్కీ మూతి విప్పి కాయల నడిమధ్యకి దూర్చి, మళ్లీ దబ్బనంతో కుట్టేశాడు. టిక్కీకి గుర్తు పెట్టలేదు. గుర్తు పెడితే ఇందులో ఏదో ఉందని ఎవరైనా విప్పుతారని భయం.

"మొత్తం ఎన్ని టిక్కీలు నాన్నా?"

"నలభై రెండు."

నాగజ్యోతికి కోపం రావాలి. రాలేదు, వచ్చినా ఆయన మీద చూపించే హక్కు తనకి లేదనిపించింది. తను చెప్పిన మూడు మాటల్నీ ఆయన పొల్లు పోకుండా పాటించాడు. వేరే మనిషి చేతిలో ఎందుకు ఉండాలో, అవసరమైతే అడగ్గానే ఎందుకు అందాలో తనే చెప్పలేదు.

ఏసీ మేనేజరుకి ఫోను చేసింది. లోపల టిక్కీలు విప్పి వెతకడం కుదరదన్నాడు. ఒకరికి ఒప్పుకుంటే రేపు ఇంకొకరు వస్తారు, ఒకరి కాయలు ఇంకొకరి టిక్కీలోకి పోయాయని గొడవ. కావాలంటే లాటు మొత్తం బయటికి దింపుకోమన్నాడు. దింపిన కాయని మళ్లీ లోపల పెట్టడానికి ఉండదు. చలిలో ఉన్న కాయ ఎండలోకి వస్తే చెమట పడుతుంది, రంగు చెడుతుంది, బూజు పడుతుంది. దింపితే ఆ రోజే మిర్చి యార్డులో అమ్మేయాలి. యార్డులో ధర మాలకొండయ్య పెట్టుబడికి దరిదాపుల్లో కూడా లేదు. పంట చేతికొచ్చినప్పుడు అమ్మకుండా ఆయన బిగబట్టి కూర్చున్నదే అందుకు.

నాగజ్యోతి ఆ మాటలన్నీ చెప్పకముందే మాలకొండయ్య చొక్కా తొడుక్కున్నాడు. బీరువాలోంచి లాటు చీటీ తీశాడు.

"దింపించేద్దాం పద," అన్నాడు, గేదెని తోలుకొద్దాం పద అన్నట్టు.

ఆ తేలికతనమే నాగజ్యోతిని కదలనివ్వలేదు. ఆయన వద్దంటే పోట్లాడి ఉండేది. ఆయన బాధపడితే ఓదార్చి ఊరుకునేది. ఇలా చీటీ జేబులో పెట్టుకుని గుమ్మంలో నిలబడిన మనిషిని ఏం చెయ్యాలో తెలియలేదు. ఔనంటే నాన్న ఏడాది పోతుంది. కాదంటే తన మూడేళ్లు పోతాయి, ఆ మూడేళ్లలో నాన్న వదులుకున్న సాళ్లూ పోతాయి. ఎటు కదిలినా ఆయన మీదే అడుగు పడుతోంది. వద్దంది. వెంకటరావమ్మ ఇద్దరి మధ్యా మంచినీళ్ల చెంబు పెట్టి వెళ్లిపోయింది.

ఆరు రోజులు అలాగే గడిచాయి. రోజూ పొద్దున ఆయన చొక్కా తొడుక్కునేవాడు, ఆమె వద్దనేది. క్యాలెండరులో ముప్పయ్యో తేదీ గడి రోజురోజుకీ పెద్దదైనట్టు కనిపించేది ఆమెకి. ఏడో రోజు ఇద్దరూ గుంటూరు బస్సెక్కారు. దింపడానికని ఆయన, బతిమాలడానికని ఆమె.

ఏసీ ఆఫీసు గదిలో మేనేజరు ఆ మాటే మళ్లీ చెప్పాడు. బయట అరుగు మీద హమాలీలు టీ తాగుతున్నారు. వాళ్లలో ఒకతను లేచి గుమ్మం దాకా వచ్చాడు. యాభై దాటిన మనిషి, భుజం మీద గోనెగుడ్డ, పేరు ఏసుబాబు. ముప్పై ఏళ్లుగా అక్కడే టిక్కీలు మోస్తున్నాడు.

"విప్పకుండా కనుక్కోవచ్చు సార్," అన్నాడు మేనేజరుతో. తర్వాత నాగజ్యోతి వైపు తిరిగి, "మిరపకాయ వీపు మీద ఒదుగుద్దమ్మా. ఒదగనిదేదన్నా ఉంటే వీపుకి తెలిసిపోద్ది. ఆ లాటు దింపింది మా ముఠానే. ఒక టిక్కీ పొడిచిందని నాకు గుర్తు. ఏదో తెలీదు, మళ్లీ ఎత్తితే తెలుస్తది."

మేనేజరు గోడ గడియారం చూశాడు. హమాలీల భోజనం టైములో ఒక గంట ఇస్తానన్నాడు. కాయ గుమ్మం దాటకూడదు. దొరికిన టిక్కీ తప్ప ఇంకోటి విప్పకూడదు. పని జరుగుతున్నంతసేపూ తలుపు మూసే ఉండాలి, చలి పోకుండా.

తలుపు జానెడు మందం ఉంది. అది వెనక మూసుకున్నాక ప్రపంచంలో శబ్దం లేకుండా పోయింది. లోపల దాకలో పెట్టి మూత వేసినట్టు చీకటి, ఆ చీకట్లో చెక్క అరల మీద కప్పు దాకా టిక్కీలు. చలికి పళ్లు కొట్టుకుంటుంటే, కారం ఘాటు ముక్కులోంచి తలకెక్కుతోంది. దగ్గితే ఆగదు. నాగజ్యోతి పైట మూతికి అడ్డం పెట్టుకుని ఫోను లైటు పట్టుకుంది. ఆమె పని వెలుగు చూపించడం, లెక్కపెట్టడం. తలుపు అవతల ఎవరైనా గడియ తియ్యడం మరిచిపోతే ఎలా అని ఒకసారి అనిపించింది. ఇవతల ఉన్నా అవతల ఉన్నా పెద్ద తేడా లేదని మరుక్షణం అనిపించింది.

ఏసుబాబు కొక్కెంతో టిక్కీని ముందుకి లాగేవాడు. మాలకొండయ్య అవతలి పక్క పట్టి ఎత్తించేవాడు. ఏసుబాబు దాన్ని వీపు మీదకి తీసుకుని రెండు అడుగులు వేసి, నిలబడి, ఏదో వింటున్నట్టు తల వంచి, అవతలి వరసలో దింపేవాడు. ఒక్కొక్కటీ నలభై కిలోల పైమాటే. ఐదు, ఆరు, ఏడు. పదహారు దగ్గర మాలకొండయ్య పట్టు జారింది. ఏసుబాబు ఆయన్ని కూర్చోమన్నాడు. ఆయన కూర్చోలేదు.

ఇరవై దాటాయి. నాగజ్యోతి అంకెలు పైకి చెప్పడం మానేసింది. ఇరవై ఎనిమిది దగ్గర ఏసుబాబు ఆగాడు. ఆమె లైటు ఆ టిక్కీ మీదికి తిప్పింది. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగాడంతే. గంటలో నలభై నిమిషాలు అయిపోయాయి.

ముప్పై ఒకటో టిక్కీ ఎత్తుకుని రెండు అడుగులు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. వీపుని కొంచెం అటూ ఇటూ కదిపాడు. దింపలేదు.

"మాలకొండయ్య గారూ," అన్నాడు, "తూకానికి రాయి పెట్టారనుకుని ఆ రోజు మిమ్మల్ని ముఠా అంతా తిట్టుకున్నామండీ."

మాలకొండయ్య నవ్వబోయాడు. నవ్వు రాక ఆ టిక్కీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

మూతి విప్పి, భుజం దాకా చెయ్యి దూర్చి, ఏసుబాబే డబ్బా బయటికి తీశాడు. నాగజ్యోతి దాన్ని గుండెలకి అదుముకుని తలుపు వైపు పరిగెత్తబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"అట్టా ఎండలోకి పట్టుకుపోతే చెమట పడుద్దమ్మా. కాయకే పడుద్ది, దీనికి పడదా?"

ఇంత చదువుకున్న తనకి ఆ ముక్క గుర్తు రాలేదు. తర్వాత కూడా ఆమెకి సిగ్గుగా ఉండేది ఈ ఒక్క విషయంలోనే. ఏసుబాబు డబ్బాని మూడు గోనెసంచుల్లో చుట్టాడు. చలి గదికీ బయటికీ నడుమ, రెండు తలుపుల మధ్య ఉండే గదిలో, కింద కాకుండా బల్ల మీద పెట్టించాడు. సాయంత్రం దాకా అక్కడే ఉంచి, తర్వాత ఆఫీసు గదిలోకి మార్పించి, పొద్దున్నే వచ్చి తీసుకెళ్లమన్నాడు. అప్పటికి భోజనం గంట అయిపోయింది. అతను క్యారేజీ విప్పకుండానే మళ్లీ పనిలోకి వెళ్లాడు.

వెళ్లబోతుంటే నాగజ్యోతి ఆపింది. తన పరిశోధన పుస్తకం మొదట్లో సాయం చేసినవాళ్ల పేర్లు వేస్తారని, మొదటి పేరు ఆయనదే రాస్తానని చెప్పింది. ఏసుబాబు నమ్మనట్టు చూశాడు.

"అచ్చులోనా?"

"అచ్చులోనే బాబాయ్."

"ఇంటిపేరు కూడా రాస్తారా? చాట్ల. చాట్ల ఏసుబాబు," అని, ఆమె కాగితం మీద రాస్తుంటే పక్కన నిలబడి చూశాడు. చదువు రాకపోయినా తన పేరు ఎలా ఉంటుందో తెలుసు. సరిగ్గానే ఉందని తల ఊపాడు.

మర్నాడు నాగేంద్రబాబు కొట్లో డిస్కు తగిలిస్తే తెరుచుకుంది. ఫొటోలన్నీ ఉన్నాయి, శివరాత్రి ముందు దాకా. ఆ తర్వాత రెండు నెలలవి లేవు, ఇక రావు. మూడో పంట సగంలో ఆగిపోయినట్టు రాసుకోవలసి వచ్చింది. ముప్పయ్యో తేదీకి ముందు రోజు పరీక్షాధికారి ఎదుట కూర్చుని ఆయన చూపించిన ఫొటోల్లో పురుగుల్ని లెక్కపెట్టింది. అంకెలు కలిశాయి.

పుస్తకం అచ్చుకి వెళ్లే ముందు గైడ్ గారు మొదటి పేజీలు చూశారు. కృతజ్ఞతల్లో మొదటి పేరు దగ్గర ఎవరీయన అని అడిగారు. నాగజ్యోతి జరిగింది చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు, మంచి మనిషి అన్నారు. అన్నాక పెన్సిలుతో ఆ వాక్యం కొట్టేశారు. పరిశోధనకి సాంకేతికంగా తోడ్పడినవాళ్ల పేర్లే ఉండాలని, డేటా పోగొట్టుకున్న సంగతి పుస్తకంలో తెలిస్తే ఉద్యోగానికి వెళ్లిన ప్రతిచోటా దాని గురించే అడుగుతారని, నీ మేలు కోసమే చెబుతున్నానని అన్నారు. తల్లిదండ్రుల పేర్లు ఉంచారు. సంతకం పెట్టాల్సింది ఆయన. నాగజ్యోతి ఇంటికి వచ్చి ఆ వాక్యం తీసేసింది, తీసేసిన కాపీని మూడు చోట్ల దాచింది.

పుస్తకం వచ్చింది. మిర్చి లాటు ఇంకా ఏసీలోనే ఉంది. ఇంట్లో ఇప్పుడు, కాయలు అమ్మకముందే కొన్న యూపీఎస్ ఉంది, అత్త బీరువాలో ఒక డిస్కు ఉంది. మాలకొండయ్య ఏసీకి వెళ్లినప్పుడల్లా ఏసుబాబు పుస్తకం సంగతి అడుగుతాడు. వచ్చిందని ఈయన చెబుతాడు. ఇంకేమీ చెప్పడు. గుంటూరు బస్సు బైపాస్ మీదికి వచ్చినప్పుడు నాగజ్యోతి ఏసీ లేని వైపుకి తల తిప్పుకుంటుంది.

అందుకే మీకు చెప్పుకోవడం. మీ ఇంట్లో కంప్యూటరు కొన్న రోజున, ఏది ఎక్కడ దాచాలా అని కూర్చున్నప్పుడు, ఆ పుస్తకంలో లేని పేరు ఒకటి ఉందని తలుచుకోండి. చాట్ల ఏసుబాబు. ఇంటిపేరుతో సహా.